పంచిన పాటలే ప్రచారం

ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ కుర్రాళ్లు 2002లో ‘ఆర్కిటిక్ మంకీస్’ పేరుతో జట్టుకట్టారు. డెమో పాటల్ని సీడీల్లోకి ఎక్కించి, కచేరీలకు వచ్చినవాళ్లకు ఊరికే పంచేవారు.

ఆ సీడీలు ఎంతమందికని అందుతాయి? అందుకే అభిమానులే ఆ పాటల్ని ఇంటర్నెట్‌లో పెట్టారు. మైస్పేస్ అనే సోషల్ నెట్‌వర్క్‌లో బ్యాండ్ పేరిట పేజీ తెరిచిందీ వాళ్లే. దాంతో ఇంకా మార్కెట్లోకి రాని పాటల్ని సైతం కచేరీల్లో జనం గొంతు కలిపి పాడేవారు. ఎంత డబ్బు పోసినా దొరకని ఆదరణ అది! తమ ఊరి యాసలో, తమ వీధుల రాత్రుల గురించి రాసిన పాటలు కావడమూ అందుకు కారణమే.

2005లో డామినో అనే స్వతంత్ర రికార్డు సంస్థ వారితో ఒప్పందం కుదుర్చుకుంది. ఆ సంస్థ విడుదల చేసిన వారి తొలి సింగిల్ అక్టోబరులో బ్రిటన్ చార్టులో మొదటి స్థానానికి చేరింది. 2006 జనవరిలో వచ్చిన మొదటి ఆల్బమ్ ఒక్క వారంలోనే 3,60,000కు పైగా కాపీలు అమ్ముడైంది.