వైసులో ప్లాస్టిక్కు ముక్క

కోవిల్పట్టి, విరుదునగరము ప్రాంతములందు నూలుమిల్లులు, అగ్గిపెట్టెల కర్మాగారములు కలవు. యంత్రముల మరమ్మతు నేర్వగోరు పిల్లల తల్లిదండ్రులకు మేమొక సంగతి తెలుపుచున్నాము. తిరుగుకత్తితో చెక్కెడి మిల్లింగు యంత్రముపై నైలాను ముక్కను ఇనుమువలె బిగింపరాదు. గట్టిగా నొక్కినచో నది అణగును. ఆ స్థితిలో చెక్కి, వైసు వదలినంతనే మరల సాగి కొలత తప్పును. వదులుగా నున్నచో కత్తి దానిని పెఱికి విసరివేయును, కన్ను పోవచ్చును. కావున వైసు దవడలకు అల్యూమినియపు పలకలు తొడిగి, ముక్క క్రింద సమమైన పట్టీలుంచి, వీలైనంత లోతుగా కూర్చుండబెట్టి, మితముగా బిగింపవలెను. ఇనుముపై పని నేర్చిన చేతికి ఈ మితము అలవడుటయే కష్టము! ఆక్రిలిక్కయినచో అణగుటకు మాఱు పగులును. మొద్దుకత్తి వేడి పుట్టించును. వేడికి ప్లాస్టిక్కు ఉక్కుకంటె పలురెట్లు వ్యాకోచించును గనుక, చల్లారిన పిదపనే కొలువవలెను.