పాత స్విఫ్ట్‌కి తక్కువ ఖర్చులో మంచి బ్రేక్ ప్యాడ్లు: ఎలా ఎంచుకోవాలి?

ఈ మధ్య చాలామంది ఒకటే ప్రశ్న అడుగుతున్నారు. "అన్నా, నా దగ్గర పాత స్విఫ్ట్ ఉంది, బ్రేకులు సరిపోవట్లేదు, బడ్జెట్‌లో పర్ఫార్మెన్స్ ప్యాడ్లు ఏవైనా ఉంటే చెప్పు" అని. ఈరోజు ఎపిసోడ్ అంతా దాని మీదే. పేర్ల లిస్టు చదివేసి వెళ్ళిపోను. ప్యాడ్ ఎలా చూడాలో చెప్తాను. అది తెలిస్తే మీ కారు ఏదైనా సరే, షాపులో మీరే అడిగి తీసుకోవచ్చు.

ముందు నా తప్పు ఒకటి చెప్తాను. మా ఇంట్లో 2007 మోడల్ పెట్రోల్ స్విఫ్ట్ ఉండేది. బ్రేకు వీక్ అయిందని ఖరీదైన ప్యాడ్లు వేయించాను. నెల తిరక్కుండా అమ్మనీ నాన్ననీ తీసుకుని తిరుమల వెళ్ళాం. దిగేటప్పుడు థర్డ్ గేర్‌లో, బ్రేకు మీద కాలు ఆన్చి వస్తున్నాను. కింద ఇంకా నాలుగైదు మలుపులు ఉన్నాయనగా పెడల్ మెత్తబడింది. తర్వాతి మలుపులో నేలదాకా పోయింది! పెడల్‌ని గబగబా కొట్టి, గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేక్ కొద్దికొద్దిగా లాగి ఎలాగో పిట్టగోడ పక్కన ఆపాను. వెనక సీట్లో అమ్మ గోవిందా గోవిందా అనుకుంటూనే ఉంది, ఆవిడకి ఏమీ తెలియదు. నా చేతులు మాత్రం వణుకుతున్నాయి.

అరగంట ఆగాక పెడల్ మళ్ళీ మామూలైంది. ఊరికి వచ్చి విప్పి చూస్తే ప్యాడ్లు భేషుగ్గా ఉన్నాయి. బ్రేక్ ఆయిల్ మాత్రం నల్లగా ఉంది. నాలుగేళ్ళుగా మార్చలేదు. అంటే డబ్బు పెట్టిన చోటు తప్పు.

అసలు ఘాట్ మీద ఏం జరుగుతుందో చిన్న లెక్క వేద్దాం. కొండ పైకీ కిందకీ తేడా సుమారు 700 మీటర్లు అనుకోండి. ఆ ఎత్తంతా బ్రేకుల మీదే దిగితే పుట్టే వేడి, గంటకి 80 కిలోమీటర్ల వేగం నుంచి కారుని పూర్తిగా 28 సార్లు ఆపితే పుట్టే వేడితో సమానం. కారు బరువు ఎంతైనా ఈ లెక్క మారదు. అందుకే సెకండ్ గేర్‌లో దిగమనేది. ఆ పనిలో పెద్ద వాటా ఇంజిన్ తీసుకుంటుంది.

ఇప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకోండి. వేడెక్కాక పెడల్ మెత్తబడి కిందకి పోతుంటే, బ్రేక్ ఆయిల్ మరిగి లోపల ఆవిరి బుడగలు వచ్చినట్టు. పెడల్ గట్టిగానే ఉంది, ఎంత తొక్కినా కారు ఆగట్లేదు, మాడు వాసన వస్తోంది అంటే అది ప్యాడ్ వేడికి పట్టు వదిలేసినట్టు. రెండో జబ్బుకే ప్యాడ్ మందు. మొదటిదానికి కాదు.

ఇక ప్యాడ్ల రకాలు. ఆర్గానిక్ ప్యాడ్ మెత్తగా ఉంటుంది, చప్పుడు చెయ్యదు, డిస్క్‌ని పెద్దగా తినదు, కానీ బాగా వేడెక్కితే తొందరగా పట్టు తగ్గుతుంది. సెమీ మెటాలిక్‌లో ఇనుము, రాగి లాంటి లోహాలు కలుస్తాయి. వేడిని బాగా తట్టుకుంటుంది. బదులుగా కాస్త చప్పుడు, ఎక్కువ దుమ్ము, డిస్క్ అరుగుదల ఉంటాయి. సిరామిక్ శుభ్రంగా, నిశ్శబ్దంగా పనిచేస్తుంది, ధర ఎక్కువ. ఇవి కాకుండా రేసింగ్ ప్యాడ్లు ఉంటాయి. వాటి జోలికి వెళ్ళకండి. అవి వేడెక్కితేనే పట్టుకుంటాయి. పొద్దున్నే ఇంటి నుంచి బయటికి తీసి, సందు చివర ఎవరో అడ్డం వస్తే, మామూలు ప్యాడ్ కంటే అవే ఆలస్యంగా ఆపుతాయి.

షాపులో పెట్టె తెరిచి ప్యాడ్ అంచు చూడండి. చాలావాటి మీద రెండు ఇంగ్లీషు అక్షరాలు ఉంటాయి. మొదటిది మామూలు వేడిలో ఎంత పట్టు ఉంటుందో, రెండోది బాగా వేడెక్కాక ఎంత ఉంటుందో చెప్తుంది. 'ఈ' అంటే 0.25 నుంచి 0.35, 'ఎఫ్' అంటే 0.35 నుంచి 0.45, 'జీ' అంటే 0.45 నుంచి 0.55. 'జీఈ' అని ఉంటే చల్లగా ఉన్నప్పుడు కరుస్తుంది, వేడెక్కాక వదిలేస్తుంది. దానికన్నా 'ఎఫ్‌ఎఫ్' మేలు, చివరిదాకా ఒకేలా ఉంటుంది. మన రోడ్డు వాడకానికి పర్ఫార్మెన్స్ అంటే ఇదే: ఇరవయ్యో బ్రేకు కూడా మొదటి బ్రేకులాగే ఉండటం. అయితే ఈ అక్షరాలు పట్టు గురించే చెప్తాయి, ప్యాడ్ ఎన్నాళ్ళు వస్తుందో చెప్పవు.

బ్రాండ్ల మాట. ఈబీసీ, ఫెరోడో లాంటివి మంచివే. ఫెరోడోని మొదలుపెట్టింది ఇంగ్లండ్‌లో హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన, 1897లో, గుర్రబ్బండ్లు కొండలు దిగే రోజుల్లో. చూశారా, సమస్య అప్పటి నుంచీ ఇదే! కానీ పాత చిన్న కారుకి అంత ఖర్చు అవసరమా? సిటీ, హైవే, ఏడాదికి రెండుసార్లు శ్రీశైలమో అరకో అయితే కంపెనీ ఒరిజినల్ ప్యాడ్ చాలు, లేదా పేరున్న తయారీదారు సెమీ మెటాలిక్ తీసుకోండి. పెట్టె మీద సీలు, పార్ట్ నంబరు, బిల్లు చూసుకోండి. పేరు లేని చవక ప్యాడ్ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో వద్దు.

మిగిలిన డబ్బు ఇలా పెట్టండి. ఒకటి, బ్రేక్ ఆయిల్. అది గాల్లో తేమని పీలుస్తుంది. డాట్ 3 ఆయిల్ కొత్తప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 140కి పడిపోవచ్చు. డాట్ 4కి అవే 230, 155. డాట్ 3 ఉన్నచోట డాట్ 4 వెయ్యొచ్చు. డాట్ 5 సిలికాన్ రకం, అది మాత్రం కలపకూడదు. రెండేళ్ళకోసారి మొత్తం మార్పించి, ఎయిర్ తీయించండి. రెండు, కాలిపర్ పిన్నులు శుభ్రం చేయించి బ్రేకులకి వాడే గ్రీజే పెట్టించండి. పిన్ను ఇరుక్కుంటే ఒక ప్యాడే అరుగుతుంది. మూడు, డిస్క్ మందం కొలిపించండి, కనీస మందం దాని మీదే చెక్కి ఉంటుంది. నాలుగు, వెనక డ్రమ్ములో షూలు సర్దించండి. ప్యాడ్ దుమ్ముని మాత్రం గాలితో ఊదనివ్వకండి, ఊపిరితిత్తులకి మంచిది కాదు.

కొత్త ప్యాడ్ వేశాక ఖాళీ రోడ్డు మీద 60 నుంచి 20కి ఓ మోస్తరుగా ఎనిమిది పదిసార్లు తగ్గించండి. పూర్తిగా ఆపొద్దు, మధ్యలో కాస్త గ్యాప్ ఇవ్వండి. తర్వాత పది నిమిషాలు నెమ్మదిగా నడిపి చల్లారనివ్వండి. ప్యాడ్, డిస్క్ ఒకదానికొకటి కుదురుకుంటాయి.

కాబట్టి ఈ ఆదివారం ఒక్క పని చెయ్యండి. బానెట్ ఎత్తి బ్రేక్ ఆయిల్ రంగు చూడండి. కాఫీ డికాషన్‌లా ఉంటే, ప్యాడ్ల సంగతి తర్వాత, ముందు అది మార్పించండి. వెనక సీట్లో కూర్చునేది మనవాళ్ళే కదండీ. ఉంటాను, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం.