సభాద్వారము తెఱచియున్నదా?

హఫీజ్‌పేట ఒకప్పుడు గ్రామము. పిమ్మట శేరిలింగంపల్లి పురపాలక సంఘములో చేరి, ఆ సంఘముతోపాటు 2007వ సంవత్సరము ఏప్రిల్ 16వ తేదీన గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసినది. 2020 ఎన్నికలనాటికి ఆ నగరమున 150 వార్డులుండగా హఫీజ్‌పేట అందొకటి. "మా వీధి మురుగుకాలువను గూర్చి పెద్దలు మాటలాడునప్పుడు మేము వినవచ్చునా?" అని ఒక విద్యార్థి మమ్మడిగెను. ప్రశ్న చిన్నది గాని ప్రత్యుత్తరము చిన్నది కాదు.

పాలకసభకు ముందుగా నోటీసు పంపవలయును. అందు చర్చనీయాంశముల పట్టిక యుండవలయును. నియమిత సంఖ్యలో సభ్యులు హాజరైనగాని సభ సాగరాదు; దీనినే కోరము అందురు. ఒకరు తీర్మానమును ప్రతిపాదింతురు, మఱియొకరు బలపఱతురు, తరువాత వోట్లు తీసికొందురు. సభ్యులు ఒండొరులతో గాక అధ్యక్షునితోనే మాటలాడవలయును. (అధ్యక్షుడనగా పూలమాల వేయించుకొనువాడని మన బాలురలో పలువురి నమ్మకము.)

ఇక వినుటకు వచ్చిన ప్రజల మాట. గ్రామమున ఈ చిక్కు లేదు. తెలంగాణ పంచాయతీరాజ్ చట్టము, 2018 ననుసరించి రెండు మాసముల కొకసారియైనను గ్రామసభ జరుగవలయును. వోటరైన ప్రతివాడును దాని సభ్యుడే. నగరవాసికి రాజ్యాంగము అట్టి సభను విధింపలేదు. 3 లక్షలు గాని అంతకు మించి గాని జనాభా గల పట్టణములకు వార్డు కమిటీలను మాత్రము చెప్పినది. కావున గ్రామము నగరమైనప్పుడు మాటలాడు హక్కు పోయి, చూచు హక్కే మిగులును. అందుచేతనే దానిని కాపాడుకొనవలయును.

అదియును ఊరక వచ్చినది కాదు. వేల్సు దేశమున టెన్బీ పట్టణ సంఘమువారు ఒక పత్రికాసంపాదకుని సభనుండి వెలుపలికి పంపగా, ఆయనకు లోపల ఉండు హక్కు లేదని న్యాయస్థానము తీర్పు చెప్పెను. ఆ లోపమును తీర్చుటకే 1908లో పార్లమెంటు పత్రికలవారికి ప్రవేశము కల్పించెను. సామాన్య ప్రజలకు ఆ హక్కు దొరకుటకు 1960 వఱకు వేచియుండవలసివచ్చెను. ఆ బిల్లును తెచ్చినది నాడు క్రొత్త సభ్యురాలైన మార్గరెట్ థాచర్. మన బొంబాయి నగర శాసనము 1888 నాటిదే యైనను, హాజరైన సభ్యులలో అధికసంఖ్యాకులు రహస్యముగా జరుపవలెనని తీర్మానించిననే గాని సభ బహిరంగముగా నుండవలెనని చెప్పుచున్నది.

1960 చట్టమునందు మాకు మిక్కిలి నచ్చినది వేఱొకటి. సభాస్థలమును, సమయమును కనీసము మూడు పూర్తి దినములకు ముందు కార్యాలయముకడ ప్రకటింపవలయును. తేదీ తెలియనివానికి తలుపు తెఱచియున్నను మూసియున్నను ఒకటే గదా!

ఈ నియమమును మేము మా విద్యార్థి సాహిత్య సంఘమునకు వర్తింపజేసితిమి. మొదటి మాసముననే కార్యదర్శి ప్రకటన అంటించుట మఱచెను, సభ ఆపివేసితిమి. పాడుటకు సిద్ధపడి వచ్చిన చిన్నపిల్లలు చాల నొచ్చుకొనిరి. మఱుసటి మాసమున ప్రకటన అయిదు దినములు ముందే గోడమీద కనబడెను.