కోసంబరి: నిప్పు లేని వంట



చైత్ర శుద్ధ నవమినాడు మన యూళ్ల భజనగుళ్ల ముంగిట పానకమును, నానిన పెసరపప్పును పంచిపెట్టుట మీరందరు నెరిగిన యాచారమే. ఎండలో నిలువబడి చేయి చాచి తీసికొన్న యా పిడికెడు పప్పు నోటికెంత చల్లగా నుండునో వేరుగ చెప్పనక్కరలేదు. నేను బడిపంతులుగా నున్న కాలమున ఒక నవమినాడు నా శిష్యుడొకడు ఆ పప్పును చేత పట్టుకొని, "అయివారూ! ఇది ఉడకలేదు గదా, తింటే కడుపునొప్పి రాదా?" అని యడిగెను. "దేవుని ప్రసాదమురా, ఏమీ కాదు, తిను" అని చెప్పి పంపితిని. వాడు తినెను, వానికేమియు కాలేదు. కాని నేను చెప్పినది సమాధానము కాదని నాకే తోచినది. ఉడకని పప్పును ఏల తినవచ్చును? తినవచ్చునేని ఏడాదికొక్క దినమే యేల? ఈ రెండు ప్రశ్నలకును నేడు చేతనైనంత వరకు బదులు చెప్పెదను.

ఆ వడపప్పునకే కూరగాయల తురుమును, కొబ్బరిని, నిమ్మరసమును చేర్చినచో కోసంబరి యగును. మన చిత్తూరు సీమ మూడు భాషలు కలిసెడి చోటు. పడమటి కన్నడిగులు దీనిని కోసంబరి యనియే యందురు. దక్షిణపు తమిళులు కోసుమల్లి యందురు. మా ఐరాల మండలములోని కాణిపాకమునకు వరసిద్ధి వినాయకుని దర్శనార్థమై ఈ మూడు భాషల జనులును వత్తురు. అట్టి సీమలో ఒకే వంటకము ఇంటింట వేరు వేరు పేర్లతో నుండుట వింత గాదు. వింత యేమనగా, మూడు భాషల వారును దీనిని పండుగలకును పెండ్లివిందులకును దాచి, దినదిన భోజనమున మరచుటయే.

ముందు చేయు విధానము చెప్పెదను. నలుగురికి చాలునట్లు పొట్టు తీసిన పెసరపప్పు 100 గ్రాములు, అనగా పాత తూకమున ఎనిమిదిన్నర తులములు తీసికొనవలెను. నడితరపు కీరదోసకాయ యొకటి, క్యారట్టుగడ్డ యొకటి, పచ్చికొబ్బరి కోరు గుప్పెడు, పచ్చిమిరపకాయలు రెండు, చిన్న అల్లపు ముక్క, కొత్తిమీర గుప్పెడు, నిమ్మకాయ యొకటి, ఉప్పు అర చెంచా. తాలింపునకు నువ్వులనూనె గాని చెనిక్కాయలనూనె గాని ఒక చెంచా, కొన్ని ఆవాలు, చిటికెడు ఇంగువ, ఒక రెబ్బ కరివేపాకు. ఇంతకంటె సంబారములు వలదు.

పప్పును మూడు నాలుగు మారులు కడిగి, కాచి చల్లార్చిన నీటిలో ఒక గంటసేపు నానవేయవలెను. ఒక బద్దను గోటితో నొక్కినచో సులువుగా తెగవలెను, అదియే గుర్తు. అంతకు మించి యెండకాలమున గంటల తరబడి నాననిచ్చిన పులిసిపోవును. నానిన పప్పును చిల్లుల గిన్నెలో వేసి నీటిచుక్క లేకుండ వార్చవలెను. నీరు నిలిచిన కోసంబరి జావయగునే గాని కోసంబరి కాదు.

కీరదోసకాయ కొస నొకదానిని కోసి నాలుకకు తాకించి చూడవలెను. చేదైనచో ఆ కాయను పారవేయవలెనే గాని, ఉప్పుతో నిమ్మతో కప్పిపుచ్చరాదు. ఆ చేదు కడుపును చెరచును. మంచి కాయను చెక్కు తీసి సన్నని ముక్కలుగా తరుగవలెను. క్యారట్టును చెక్కు గీకి తురుమవలెను. మిరపకాయ, అల్లము, కొత్తిమీర సన్నగా తరిగి, కొబ్బరితోడను పప్పుతోడను కలుపవలెను. నూనెలో ఆవాలు చిటపటలాడిన పిదప ఇంగువయు కరివేపాకును వేసి దించి, ఆ తాలింపు వేడి తగ్గిన తరువాత దీనిపై పోయవలెను. ఈ వంటలో నిప్పునకు గల పని యింతే.

ఇక ఉప్పును, నిమ్మరసమును ఎప్పుడు వేయవలెను? మా అవ్వ యీ విషయమున మిక్కిలి పట్టుదల గలది. "ఆకు వేసినాకనే ఉప్పెయ్యాల" అనెడిది. విస్తళ్లు పరచకమునుపే ఎవరైనను ఉప్పు వేసిన కోపించెడిది. ఆమె చదువుకొన్నది కాదు గాని, చెప్పినది శాస్త్రమే. కీరదోసకాయలో నూటికి 95 పాళ్లు నీరు. ఆ నీరు కంటికి కనబడని చిన్న చిన్న గదులలో నిలిచియుండును. వెలుపల ఉప్పు చేరగానే ఆ గదుల గోడలగుండ నీరు బయటికి లాగబడును. ఊరగాయ జాడీలో మామిడి ముక్కలకు ఉప్పు పట్టించిన మరునాడు ఊట వచ్చుటకును కారణమిదే. ఊరగాయకు ఆ ఊట గుణము. కోసంబరికి అదియే దోషము. ముక్క వాడిపోవును, అడుగున నీరు నిలుచును, కరకరలాడు రుచి చెడును. కావున వడ్డించునప్పుడే ఉప్పు, నిమ్మరసము కలిపి, వెంటనే తినవలెను. మిగిలినదానిని రాత్రికి దాచరాదు.

పెద్దలు కొందరు, "పచ్చికూరలు పశువుల మేత, మనుష్యునికి వండిన కూడే కూడు" అందురు. వండుట గొప్ప విద్యయే. ధాన్యము, దుంపలు, పప్పుదినుసులు నిప్పు వలన మెత్తబడి చక్కగా జీర్ణమగును, రోగక్రిములును నశించును. అయిన నిప్పు ఇచ్చుటే గాక తీసికొనుటయు కలదు. కాయగూరలలోను పండ్లలోను విటమిను సి యను పదార్థమొకటి కలదు. వేడికి అది చాలవరకు చెడును. ఉడికించి వార్చిన నీటితో మరికొంత పోవును. అది లేనిచో చిగుళ్లు వాచి నెత్తురు కారును, గాయములు మానవు, కాళ్లు బిగిసికొని నొప్పులు పుట్టును. ఈ వ్యాధిని స్కర్వీ యందురు. 1747లో జేమ్స్ లిండ్ అను ఓడ వైద్యుడు ఈ వ్యాధిగ్రస్తులైన నావికులకు వేరు వేరు పదార్థములిచ్చి చూడగా, నారింజలు నిమ్మపండ్లు తిన్నవారే త్వరగా కోలుకొనిరి.

మన దేశపు సిపాయీలకు సంబంధించిన కథ యొకటి కలదు. మొదటి ప్రపంచ యుద్ధమున, 1915 డిసెంబరు మొదలు 1916 ఏప్రిలు వరకు, నేటి ఇరాకు దేశములోని కూట్ అను పట్టణమున బ్రిటిషు సేన ముట్టడిలో చిక్కెను. అందులో మన దేశీయులు వేలకొలది యుండిరి. వారికి ధాన్యము కొంత దొరకెను గాని పచ్చికూర దొరకలేదు. తత్ఫలితముగా వారిలో అనేకులు స్కర్వీ పాలైరి. ఆ యుద్ధకాలముననే లండను నగరపు లిస్టరు సంస్థలో హారియెట్ చిక్ అను విదుషియు, ఆమె సహచరులును పరిశోధించి, ఎండుగింజలలో ఈ వ్యాధిని మాన్పు గుణము లేకున్నను, ఆ గింజలనే నానవేసి మొలకెత్తించిన యెడల ఆ గుణము వచ్చునని చూపిరి. మూటలో నిద్రించు గింజ నీరు తాకి మేలుకొనగానే తనకు వలసిన యా పదార్థమును తానే పుట్టించుకొనును.

ఇచ్చట నొక మాట జాగ్రత్తగా వినుడు. మొలకెత్తునది పొట్టుతోనున్న నిండు పెసలే గాని, బద్దలైన పప్పు కాదు. పప్పుతో చేసిన కోసంబరికి విటమిను సి నిమ్మరసమునుండి, కొత్తిమీరనుండి, కాయలనుండి రావలసినదే. మొలకలతో చేసిన మొలకలనుండియు వచ్చును. పప్పు వేరొక మేలు చేయును: నూరు గ్రాముల పెసరపప్పులో సుమారు 24 గ్రాములు కండపుష్టినిచ్చు మాంసకృత్తులు. పప్పులోను, మన రాగిసంగటిలోను ఇనుము కలదు. అయితే ధాన్యములలోని ఇనుము నెత్తురులోనికి సులువుగా ఎక్కదు. అదే భోజనమున నిమ్మపులుసు చేరినచో ఎక్కువగా ఎక్కును. నెత్తురు తక్కువైన ఆడుబిడ్డలు గల యిండ్లలో సంగటి ప్రక్కన పిడికెడు కోసంబరి యుండుట ఎంత మేలో దీనివలన మీరే యూహింపవచ్చును.

తాలింపులోని నూనెకును, కొబ్బరికిని పని కలదు. క్యారట్టునకు ఎర్రదనమిచ్చు పదార్థము కంటిచూపునకు మేలు చేయునది. కొంత కొవ్వు తోడు లేనిదే అది శరీరమున చక్కగా చేరదు. ఈ సంగతిని గ్రంథములు చదివి నేర్చినవారు మన పూర్వులొక్కరే కారు, అసలు చదివి నేర్చినవారే కారు. ఈశాన్యమున మేఘాలయ రాష్ట్రములో ఖాసీ కొండలు కలవు. ఆ కొండవారి భాష వేరు, వంట వేరు. వారును ముల్లంగిని పచ్చిగా తురిమి, ఉల్లి, అల్లము, పచ్చిమిరపకాయలు చేర్చి, తులసి కుటుంబమునకు చెందిన యొక మొక్క గింజలను వేయించి నూరి యందు కలుపుదురు. దానిని ములీ ఖ్లేహ్ అందురు. ఖ్లేహ్ అనగా కలుపుట. మన కొబ్బరి స్థానమున వారికి ఆ నూనెగింజ. మన యింట ముల్లంగి దొరికిన దినమున వేయించిన నువ్వులు గాని చెనిక్కాయలు గాని పొడిచేసి తురుముతో కలిపి, నిమ్మరసము పిండి చూడుడు. పప్పు లేని కోసంబరి యనదగిన యొక పచ్చికూర యగును.

ఇంతవరకు మేలు చెప్పితిని. ఇక కీడు చెప్పకున్న నా మాట సగమే యగును. నిప్పు లేని వంటకు శుచియే నిప్పు. వండిన కూరలో మన తప్పును మంట దిద్దును; పచ్చికూరలో దిద్దువారు లేరు.

మూర్ఛరోగము మీరెరుగనిది కాదు. మనకు పొరుగుననున్న వేలూరు జిల్లాలో వైద్యులు జరిపిన పరిశీలనలో, మూర్ఛ గలవారిలో సుమారు మూడవ వంతు మందికి కారణము మెదడులో చేరిన యొక పురుగు పిల్లయని తేలినది. అది పంది బద్దెపురుగు. సరిగా ఉడకని పందిమాంసము తిన్నవాని ప్రేగులలో ఆ పురుగు పెరుగును. దాని గ్రుడ్లు వాని మలముతో పొలమున పడును. నీటివెంట, చేతులవెంట కూరగాయలకంటును. ఆ గ్రుడ్లు మ్రింగినవానికి మెదడులో పొక్కులు లేచి మూర్ఛ వచ్చును. మాంసమే ముట్టని శాకాహారికిని ఇట్లు రావచ్చును. వాంతి, భేది, జిగటవిరేచనములు పుట్టించు క్రిములును ఈ మార్గముననే వచ్చును.

కావున ఈ నియమములు తప్పరాదు. కాయలను గడ్డలను పారునీటిలో రుద్ది కడిగి, చెక్కు తీసి, కాచి చల్లార్చిన నీటితో మరల కడుగవలెను. కొత్తిమీరను ఆకు ఆకుగా విడదీసి కడుగవలెను. ఉప్పునీటిలో ముంచినంత మాత్రమున క్రిములన్నియు చచ్చునని నమ్మరాదు. చేయువారు సబ్బుతో చేతులు కడిగికొనవలెను. మాంసము కోసిన కత్తితో వీనిని కోయరాదు. పెరటిలో మురుగు పారు పాదున పెరిగినదానిని వండుకొనవలెనే గాని పచ్చిగా తినరాదు. పురుగుమందు చల్లిన తోటలో, ఆ మందునకు చెప్పిన గడువు తీరక కాయ కోయరాదు. మొలకలు కట్టువారు పూటపూటకు కడిగి, మొలక రాగానే తినవలెను; కొంచెము వాసన మారినను పారవేయవలెను. కడుపు బలహీనమైన వృద్ధులు, గర్భిణులు, పసిబిడ్డలు మొలకలను ఉడికించి తినుట మంచిది.

పండ్లు కదలిన పెద్దలు, "మాకిది నమలుట కాదు" అని విడువనక్కరలేదు. కాయలను ముక్కలు చేయక తురుమవలెను. నానిన పప్పును ఆవిరిపై కొంచెము మెత్తబరచి చల్లార్చి కలుపవలెను. రక్తపుపోటు గలవారు ఉప్పు తగ్గించి పులుపు పెంచుకొనవచ్చును. మూత్రపిండముల జబ్బు గలవారు మాత్రము వైద్యుని అడిగి తినవలెను.

చైత్ర వైశాఖములలో మన తోటల తోతాపురి మామిడి పిందెలు దొరకును. దాని పులుపు మెత్తన గనుక, తురిమి కలిపినచో నిమ్మకాయయు నక్కరలేదు. మామిడి లేనప్పుడు నిమ్మ, కీరదోస లేనప్పుడు ముల్లంగి. ఏ కాలమున ఏది పండిన దానితోనే యిది యగును. కొనితేవలసిన ఖర్చు స్వల్పము, కట్టెల ఖర్చు లేదు.

పెద్దలారా! వచ్చు నవమికి భజనగుడిలో పప్పు నానవేయునప్పుడు, నీరు కాచి చల్లార్చినదా యని మీలో నొకరు విచారింపుడు. పంచువారు చేతితో గాక గరిటెతో పంచునట్లు చూడుడు. పొలముగట్టున మలవిసర్జన మానుమని చెప్పుటకు మీ మాటకున్న బరువు ఇంకెవరి మాటకును లేదు. పచ్చికూర తినదగినదగుట వంటింట నిర్ణయమగుటకు ముందే పొలమున నిర్ణయమగును.

ఆనాటి నా శిష్యుడు ఎచ్చటనున్నను, వానికి నేడు చెప్పవలసిన సమాధానమిది: "నాయనా! పెసరపప్పు నానినచో ఉడకకున్నను తినవచ్చును. కడుపునొప్పి పప్పువలన గాదు, దానిని ముట్టిన నీటివలనను చేతివలనను వచ్చును. ఆ రెండును శుభ్రముగా నున్నచో ఏడాదికొక్క దినమే గాదు, వారమునకు రెండు మూడు దినములైనను తినుము." ఆ దినమే యిట్లు చెప్పియుండవలసినది. ఆలస్యమైనను, మీ మనుమలకు మీరు చెప్పుదురుగాక యని విన్నవించుకొని సెలవు తీసికొనుచున్నాను.