టైరు పందేనికా, ఇల్లు చేరటానికా?

కారు కొనేటప్పుడు ఇంటిల్లిపాదీ రంగు చూస్తారు, సీట్లు చూస్తారు. టైర్ల సంగతి పంక్చరైన రోజున గాని ఎవరికీ గుర్తు రాదు. అంత బరువైన బండికీ నేలకూ మధ్య ఉన్నది నాలుగు అరచేతులంత రబ్బరు మాత్రమే గదా!

1956లో రాష్ట్రాలను విభజించినప్పుడు మన ఇస్లాపూర్ సర్కిలు అదిలాబాదు జిల్లా బోథ్ తాలూకా నుండి విడివడి ఇటు చేరింది. అయినా చదువులకు, ఉద్యోగాలకు హైదరాబాదు వెళ్లే పిల్లలు మన ఇళ్లలో ఉంటూనే ఉన్నారు. అటువంటి కుర్రవాళ్లలో కొందరికి ఇప్పుడొక సరదా పుట్టింది. సెలవు దొరికితే సొంత కారును మద్రాసు దగ్గరి ఇరుంగట్టుకోటై ట్రాకుకు తీసుకుపోయి వేగంగా నడపటం. 1990లో తెరిచిన ఈ ట్రాకు చుట్టు దాదాపు 3.7 కిలోమీటర్లు. ఇందులో తప్పు లేదు. వేగం ముచ్చట బజారులో తీర్చుకోవటంకంటె అక్కడ తీర్చుకోవటం ఎంతో మేలు. ఎటొచ్చీ, ఏ టైర్లతో వెళ్లాడో ఆ టైర్ల మీదనే ఆరువందల పైచిలుకు కిలోమీటర్లు తిరిగి రావాలి. దారిలో వాన పడవచ్చు. చిక్కంతా అక్కడే ఉన్నది.

అచ్చమైన పందెపు టైరుకు గాడులుండవు, నున్నగా ఉంటుంది. పొడినేల మీద దాని పట్టు అమోఘం. కాని రోడ్డు మీద నీళ్లు నిలిస్తే ఆ నీరు పోయే దారి లేక కారు పడవలాగ తేలిపోతుంది. అందుకే అది రోడ్డుకు పనికిరాదు. మామూలు టైరుకు గాడులు లోతుగా ఉంటాయి. వానలో అవే ప్రాణరక్ష. కాని ట్రాకు మీద ఆ ఎత్తయిన రబ్బరు దిమ్మెలు మలుపు మలుపుకూ అటూ ఇటూ వంగి, వేడెక్కి, పట్టు తప్పుతాయి. ఒక్కొక్కప్పుడు పెళ్లలుగా ఊడిపోతాయి.

ఈ రెంటికీ మధ్యరకం టైర్లున్నాయి. రబ్బరు మెత్తన, గాడులు తక్కువ, చట్టం ప్రకారం రోడ్డు మీద నడపవచ్చు. ఎంచుకొనేటప్పుడు టైరు పక్కగోడ చదవటం నేర్వాలి. అమెరికా పద్ధతిలో అరుగుదలకు ఒక అంకె వేస్తారు. అంకె తగ్గినకొద్దీ సాధారణంగా రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ. యోకోహామా ఏ052 వంటివాటికి 200, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్‌కు 300. ఈ అంకె ఎవరి టైరుకు వారే వేసుకుంటారు కనుక ఒక కంపెనీ అంకెను మరొక కంపెనీ అంకెతో తూచి చూడరాదు. ఇక వేగానికి అక్షరాలు: వి అంటే గంటకు 240 కిలోమీటర్లు, డబ్ల్యూ 270, వై 300. తయారైన వారమూ సంవత్సరమూ నాలుగంకెలలో ఉంటాయి. 1524 అంటే 2024లో 15వ వారం.

రోడ్డుకూ పందేనికీ ఒకే టైరు కుదురుతుందా అంటే, 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో మన కళ్లముందే చూశాం. హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెంలో కార్లన్నిటికీ హాంకూక్ వారి గాడులున్న టైర్లే. ఎండకూ వానకూ అదే టైరు. ఆనాటి విజేత ఫ్రాన్సు దేశస్థుడు జాన్ ఎరిక్ వెర్న్. పట్టులో కొంత వదులుకొని, ఏ వాతావరణానికైనా సిద్ధంగా ఉండటమే ఆ టైరు నీతి.

మన కుర్రవాళ్లకు చెప్పవలసిందీ అదే. ఏడాదికి ఒకటి రెండుసార్లు ట్రాకుకు వెళ్లేవానికి, వానలో నమ్మదగిన 300 అంకె తరహా మంచి టైరు చాలు. నెలనెలా వెళ్లేవాడు 200 అంకె టైర్లు వేరే చక్రాలకు బిగించి, ట్రాకు కోసమే ఉంచుకోవటం మంచిది. అరిగిన టైరు పొడి ట్రాకు మీద ఇంకా బాగా పట్టినట్టు తోస్తుంది. దిమ్మెలు పొట్టివైతే వంగవు గదా! ఆ మురిపెంతో వానలో బయలుదేరితే ముప్పు. గాడులు 1.6 మిల్లీమీటర్లకు అరిగాయంటే మార్చవలసిందే; వానాకాలంలో అంతదాకా ఆగనే కూడదు.

అన్నిటికంటె ముఖ్యమైనది గాలి. చక్కర్లు కొట్టినకొద్దీ టైరు వేడెక్కి గాలి వత్తిడి పెరుగుతుంది. సుమారు ఆరు డిగ్రీల వేడికి ఒక పౌను లెక్క. అందుకని ట్రాకు దగ్గర కొంత గాలి తీసేస్తారు. సాయంత్రం టైర్లు చల్లారాక వత్తిడి ఉండవలసినదానికంటె బాగా తగ్గిపోతుంది. ఆ సంగతి మరచి అలాగే హైవే ఎక్కితే పక్కగోడలు నలిగి, లోపల కాగి, అర్ధరాత్రి టైరు పేలవచ్చు. చల్లారిన తరువాత, డ్రైవరు తలుపు దగ్గరి చీటీలో ఉన్న కొలతకు గాలి నింపించి, పక్కగోడలు తడిమి చూచి మరీ బయలుదేరాలి.

అబ్బాయి ట్రాకుకు వెళ్తానంటే పెద్దలు కోప్పడనక్కరలేదు. వెళ్లేముందు టైర్లు చూశావా అనీ, తిరుగు ప్రయాణానికి ముందు గాలి నింపించావా అనీ ఫోనులో ఒక్కమాట అడగండి. చక్కర్లు ఎంత వేగంగా కొట్టాడన్నది వాడి ముచ్చట. వాడు ఇల్లు చేరటం మన ముచ్చట.