జీపులో గడ్డపారకూ ఒక చోటు

జీపు కొనడం ఒక ఎత్తు, అందులో పనిముట్లు సర్దుకోవడం మరొక ఎత్తు. కారు గలవారికి డిక్కీ వుంటుంది. మూత వేశాక లోపల ఏది ఎలా దొర్లినా నలుగురిలో మర్యాద దక్కుతుంది. పాతకాలపు జీపుకు ఆ భాగ్యం లేదు. వెనక ఎదురెదురుగా రెండు బల్లసీట్లు, వాటి మధ్య మనుషుల కాళ్ళు, ఆ కాళ్ళ మధ్యనే జాకీ, గడ్డపార, పార, గొడ్డలి, తాడు! గుంత వచ్చినప్పుడల్లా అవన్నీ కలిసి చేసే కచేరీలో పక్కమనిషి మాట కూడా వినిపించదు.

"ఇంత సరంజామా ఎందుకండీ?" అని మీరడగవచ్చు. మాది రాజమహేంద్రవరం. వానాకాలంలో రంపచోడవరం దాటి మారేడుమిల్లి ఘాటు ఎక్కేవారెవరూ ఆ ప్రశ్న వేయరు. గాలివానకు చెట్టుకొమ్మ రోడ్డుకు అడ్డంగా పడితే గొడ్డలి కావాలి. చక్రం బురదలో దిగితే పార కావాలి. బండరాయి కదలాలంటే గడ్డపార వుండాలి. మనిషి సాయం దొరకాలంటే వెనకనుంచి మరో బండి రావాలి; అది ఎప్పుడు వస్తుందో ఆ అడవికే తెలియాలి.

జీపును పుట్టించినవారికి ఈ సంగతి ముందే తెలుసు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో, 1941 నుంచి, విల్లీస్, ఫోర్డు కంపెనీలు అమెరికా సైన్యానికి తయారుచేసిన జీపుల్లో డ్రైవరు కూచునే ఎడమవైపున, బయటి రేకు మీదనే పారకూ గొడ్డలికీ చోటు కేటాయించారు. అవి కుదురుగా ఇమిడేందుకు రేకును లోపలికి నొక్కి, పట్టీలతో బిగించేవారు. మన ఎడ్లబండివాడు మాత్రం తక్కువ తిన్నాడా? కందెన గొట్టాన్ని బండికి కట్టుకునే బయలుదేరేవాడు. దారిలో ఇరుసు కిర్రుమంటే చేయి చాచి అందుకునేవాడే గాని, గడ్డిలో వెతుక్కునేవాడు కాడు.

చప్పుడు సరే, దెబ్బ సంగతి?

చప్పుడును ఎలాగో భరించవచ్చు. అసలు భయం వేరే వుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి దేనికో గుద్దుకుని ఠక్కున ఆగిందనుకోండి. బండి ఆగుతుంది గాని, బిగించని గడ్డపార ఆగదు. అదే వేగంతో ముందుకు దూసుకుపోతుంది. దాదాపు 10 మీటర్ల ఎత్తునుంచి, అంటే మూడంతస్తుల మేడ మీదనుంచి జారవిడిచిన వస్తువు నేలను తాకేటప్పటి వేగం అది. మేడ మీదనుంచి గడ్డపార జారుతూంటే కింద మన పిల్లల్ని నిలబెడతామా? జీపులో మాత్రం నిశ్చింతగా దాని పక్కనే కూచోబెడుతున్నాం!

మా మిత్రులొకరు గోకవరం దాటాక గేదె అడ్డం వస్తే బ్రేకు వేశారు. వేగం కూడా ఎక్కువేమీ కాదట. సీటు కిందనుంచి గడ్డపార జారివచ్చి వాళ్ళబ్బాయి చీలమండకు తగిలింది. ఆ కుర్రవాడు ఆరు వారాలు సిమెంటు కట్టుతో మంచం మీద వున్నాడు. చూసి వచ్చిన సాయంత్రమే మా ఆవిడ తీర్పు చెప్పేసింది: "ఆ ఇనపసామానుకు ఒక చోటు చూపించండి. లేకపోతే మేమెవరం జీపెక్కం."

బజారులో దొరికే బిగింపుల ధరలు కనుక్కుంటే ఒక్కొక్కటీ వేలల్లో వుంది. నాలుగు పనిముట్లకు అంత డబ్బు పోసేకన్నా ఇంట్లోనే చేసుకుందామని కూచున్నాను.

ముందు పలక, తరువాత పట్టీలు

బండి రేకుకు ఎక్కడపడితే అక్కడ రంధ్రాలు వేయకూడదు. రంధ్రం పడినచోట తుప్పు మొదలవుతుంది. పైగా రేకు వెనక పెట్రోలు ట్యాంకో, బ్రేకు గొట్టమో, వైర్లో వుండవచ్చు. సి.జె. 3-బి రకం పాత జీపుల్లో ట్యాంకు డ్రైవరు సీటు కిందనే వుంటుంది. అందుకని పనిముట్లన్నీ ఒక పలకకు బిగించి, ఆ పలకను మాత్రం బండికి బిగించాను. బీరువా చేయించినప్పుడు మిగిలిన నీటికి ఆగే ప్లైవుడ్డు ముక్క పనికివచ్చింది. మందం 18 మిల్లీమీటర్లు, పొడవు మూడున్నర అడుగులు, వెడల్పు పదంగుళాలు. బల్లసీటు కాళ్ళను పట్టుకున్న బోల్టులు విప్పి, వాటి స్థానంలో అదే లావు, అంగుళం ఎక్కువ పొడవు వున్నవి వేసి, యాంగిలు ముక్కలతో పలకను సీటు కింద నిలువుగా నిలబెట్టాను. బోల్టు తల మీద 8.8 అనే అంకె వున్నవే తెచ్చుకోండి. గట్టిదనానికి అది గుర్తు. సీటుబెల్టు బోల్టుల జోలికి మాత్రం ఎప్పుడూ పోకండి.

ఇప్పుడు గడ్డపార. బండి ఆగినప్పుడు అది పోయేది ముందుకే గనుక, అడ్డు కూడా ముందువైపే గట్టిగా వుండాలి. రెండంగుళాల ఇనప గొట్టంలో నాలుగంగుళాల ముక్క కోయించి, ఒక చివర బిళ్ళతో మూయించి, దాన్ని పట్టీకి వెల్డింగు చేయించాను. మూసిన వైపు బండి ముందుకు వుండేటట్టు పలకకు రెండు బోల్టులతో, వెనక వెడల్పాటి వాషర్లు వేసి బిగించాను. గొట్టం అడుగున లారీ ట్యూబు రబ్బరు బిళ్ళ. మధ్యలో గడ్డపార ఆనడానికి పట్టీని వంచి, లోపల అదే రబ్బరు అతికించిన ఒక కొక్కెం. వెనక చివర ఏమిటనుకున్నారు? మన తలుపులకు వేసుకునే అడ్డగడియ! గడియ తీస్తే గడ్డపార వెనకవైపుకు ఒంటిచేత్తో వచ్చేస్తుంది. బురదలో దిగిన బండి వెనక నిలబడి, చీకట్లో అందుకోవడానికి ఇంతకన్న సుళువు లేదు.

పారకు కామ వూడదీసి, రేకును పలక మీద చదునుగా ఆనించి, కామ దూరే కన్నంలోనుంచి ఒక బోల్టు పంపి, పెద్ద వాషరు మీద చేత్తో తిప్పగల రెక్కల నట్టు వేశాను. కామను దాని పైన రెండు కొక్కేలలో పడుకోబెట్టి, కొసను గొట్టంలాంటి మరో ముక్కకు ఆనించాను. ఎండకు కామ ఎండి వదులవుతుంది. వాడే ముందు పదినిమిషాలు నీళ్ళలో నానిస్తే కన్నంలో బిగుసుకుంటుంది. గొడ్డలికి మాత్రం ముందు తొడుగు, తరువాతే చోటు. పాత టైరు ముక్కను నిలువుగా చీల్చి అంచుకు తొడిగి, తోలుపట్టెతో కట్టాను. తొడుగులేని గొడ్డలిని ఎంత గట్టిగా బిగించినా బండిలో పెట్టకండి.

బాటిలు జాకీని పడుకోబెడితే నూనె కారుతుంది. అది నిలువుగానే వుండాలి. పాదం కదలకుండా నాలుగు వైపులా యాంగిలు ముక్కల గూడు కట్టి, మెడకు బకిలీతో నైలాను నవారు చుట్టాను. మంచానికి వాడే నూలు నవారు తడిసి చీకిపోతుంది, వద్దు. జాకీ పక్కనే అడుగు చదరం టేకు చెక్క వుంచుకోండి. మెత్తటి నేలలో జాకీ కింద అది లేకపోతే బండి పైకి లేవదు, జాకీయే కిందికి దిగుతుంది.

ఒక మాట గుర్తుంచుకోవాలి. రబ్బరు పని చప్పుడు మాన్పడం వరకే. బరువును ఆపే పని ఇనుముదీ, నవారుదీ. సైకిలు ట్యూబు వుంగరాలతో గడ్డపారను కట్టేసి "బిగించాం" అనుకుంటే అది మనల్ని మనం మోసపుచ్చుకోవడమే.

నిలబడి చూసిన పరీక్ష

ఎంత గట్టిగా వుండాలి? లెక్క కష్టమేమీ కాదు. 50 కిలోమీటర్ల వేగంలో వున్న బండి అర మీటరు దూరంలో ఆగిపోతే, లోపలి ప్రతి వస్తువూ తన బరువుకు దాదాపు ఇరవై రెట్ల బలంతో ముందుకు లాగుతుంది. అంగుళం మందం, మూడడుగుల పొడవు వున్న నా గడ్డపార మూడున్నర కిలోలు. ఇరవై రెట్లంటే డెబ్బై కిలోలు, అంటే ఒక నిండు మనిషి. మా అబ్బాయి బరువు సరిగ్గా అంతే! పలకను బండికి ఎక్కించే ముందు, గొట్టం మూసిన వైపు కిందికి వుండేటట్టు పెరటి స్తంభానికి కట్టి, గొట్టానికి తాడు వుచ్చు వేసి, అందులో వాణ్ణి నిలబెట్టాను. నిలబడ్డాడు, అడక్కుండానే రెండుసార్లు ఎగిరాడు కూడా. పలక కిర్రుమనలేదు. వంటింటి గుమ్మంలోనుంచి చూస్తున్న మా ఆవిడ "సరే" అని లోపలికి వెళ్ళిపోయింది.

ఖర్చంటారా? ఇనప పట్టీ 25 మిల్లీమీటర్ల వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందంది మూడు మీటర్లు సరిపోయింది. మీటరు ముక్క 600 గ్రాములకు అటూ ఇటూ తూగుతుంది. గొట్టం ముక్కలు పాత ఇనుము కొట్లో తూకానికి దొరికాయి. బోల్టులు, గడియ, నవారు, రెడ్ ఆక్సైడు రంగు, వెల్డింగు కూలీ అన్నీ కలిపి 740 రూపాయలు. ప్లైవుడ్డు, ట్యూబు, టైరు ఇంటివే.

ఇక జాగ్రత్తలు. బరువైనవి కిందనే వుండాలి, తలల ఎత్తున ఏదీ వద్దు. బాటరీకి దగ్గరలో ఇనప పనిముట్లు పెట్టకండి. పనిముట్లు బండి బయటికి పొడుచుకు రాకూడదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పుస్తకంలోని వివరాలు కంపెనీవారు మొదట నిర్ణయించిన వాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. బోల్టులు విప్పితే వూడివచ్చే పలక అయితే బండిని కోయనక్కరలేదు, అతకనక్కరలేదు.

నట్లకు స్ప్రింగు వాషర్లు వేసినా, మొదటి వంద కిలోమీటర్లు తిరిగాక ఒకసారి మళ్ళీ బిగించండి. ఎండకు రబ్బరు పగుళ్ళు తీస్తుంది గనుక, ఏటా మృగశిర కార్తెకు ముందే పాతది తీసేసి కొత్తది వేయండి. అదే రోజున పిల్లల్ని పిలిచి, కళ్ళు మూసుకుని గడియ తీసి గడ్డపార బయటికి తీయమనండి. చీకట్లో, వానలో ఆ పని ఎవరి చేతికి వస్తుందో ముందుగా ఎవరు చెప్పగలరు?