కాంతికణాలను లెక్కించే కన్ను

రాత్రివేళ ఆకాశంలో వేల నక్షత్రాలు కనిపిస్తాయి. అయితే అవి వెదజల్లే వెలుగులో కొంత భాగమే మన కంటికి అందుతుంది. ఊదా రంగుకు అవతల ఉండే అతినీలలోహిత కిరణాలను మన కన్ను గుర్తించలేదు. కొత్తగా పుట్టిన, మిక్కిలి వేడిగల పెద్ద నక్షత్రాలు తమ శక్తిలో అధిక భాగాన్ని ఈ కిరణాల రూపంలోనే వెలువరిస్తాయి. కనుక నక్షత్రాల పుట్టుకను చక్కగా తెలుసుకోవాలంటే ఈ కిరణాలను పట్టుకోక తప్పదు.

మన వాతావరణంలోని ఓజోన్ పొర ఈ కిరణాలలో చాలా భాగాన్ని పీల్చుకొంటుంది. అది ప్రాణికోటికి రక్ష. ఖగోళ శాస్త్రజ్ఞులకు మాత్రం అడ్డుతెర. ఎంత ఎత్తైన కొండమీద దూరదర్శినిని నిలిపినా ఆ తెరను దాటలేము. దానిని అంతరిక్షానికి పంపవలసిందే.

మనదేశం 2015 సెప్టెంబరు 28న శ్రీహరికోట నుండి ఆస్ట్రోశాట్ ఉపగ్రహాన్ని ప్రయోగించింది. అది సుమారు 650 కిలోమీటర్ల ఎత్తున భూమిని చుట్టే కక్ష్యలో చేరింది. అందులోని అతినీలలోహిత దూరదర్శిని పేరు యు.వి.ఐ.టి. బెంగుళూరులోని భారత ఖగోళ భౌతిక సంస్థ దాని నిర్మాణానికి నాయకత్వం వహించింది. నిజానికి అవి జంట దూరదర్శినులు. ఒక్కొక్కదాని ప్రధాన దర్పణం వెడల్పు 37.5 సెంటీమీటర్లు. అంటే మూరెడు కూడా లేదు! ఒకటి 130 నుండి 180 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల కిరణాలను చూస్తుంది. రెండవది 200 నుండి 300 నానోమీటర్ల కిరణాల కోసం, కంటికి కనిపించే కాంతి కోసం ఏర్పడింది. కనిపించే కాంతిలో తీసిన చిత్రాల సాయంతో ఉపగ్రహపు కదలికను లెక్కగట్టి, మిగతా చిత్రాలను సరిచేస్తారు.

కొత్త ఉపగ్రహంలోని పదార్థాల నుండి సన్నని ఆవిరులు వెలువడుతుంటాయి. అవి దర్పణాలపై పేరుకొంటే అతినీలలోహిత కిరణాలు ఆగిపోతాయి. అందువల్ల దాదాపు రెండు నెలలు దూరదర్శినుల తలుపులు మూసే ఉంచారు.

మరి ఆ కిరణాలు ఎలా నమోదవుతాయి? ఒక కాంతికణం గ్రాహకపు పూతను తాకి ఒక ఎలక్ట్రానును వెలికి తీస్తుంది. ఆ ఎలక్ట్రాను వెంట్రుక కంటె సన్నని గాజుగొట్టాల గోడలకు తగులుతూ పోయి, ఎన్నో వేల ఎలక్ట్రానులుగా పెరుగుతుంది. అవి ఒక తెరపై పడి చుక్కలా మెరుస్తాయి. ఆ మెరుపును కెమెరా నమోదు చేస్తుంది. ఈ విధంగా కాంతికణాలను ఒక్కొక్కటిగా లెక్కిస్తారు. సంతలో గుసగుస వినబడదు. నిశ్శబ్దమైన గదిలో వినబడుతుంది. యు.వి.ఐ.టి. గ్రాహకంలో అనవసరమైన సంకేతాలు చాల తక్కువ.

ఆ నిశ్శబ్దానికి తగిన ఫలితం దక్కింది. 2016 అక్టోబరులో 28 గంటలకు పైగా ఆకాశంలోని ఒక చిన్న భాగాన్ని పరిశీలించారు. 930 కోట్ల కాంతి సంవత్సరాల దూరాన ఉన్న ఒక గెలాక్సీ నుండి తీవ్ర అతినీలలోహిత కిరణాలు వచ్చినట్లు కనుగొన్నారు. విశ్వం విస్తరిస్తున్నందున, దారిలో ఆ కిరణాల తరంగదైర్ఘ్యం రెండు రెట్లకు పైగా సాగింది. అందుకే అవి ఈ దూరదర్శినికి చిక్కాయి. పూణేలోని శాస్త్రజ్ఞుడు కనక్ సాహా బృందం 2020లో ఈ సంగతిని ప్రకటించింది. 240 సెంటీమీటర్ల దర్పణం గల హబుల్ దూరదర్శినికి ఆ కిరణాలు అందలేదు. తొలి నక్షత్రాలు విశ్వంలోని హైడ్రోజన్ వాయువును ఎలా మార్చాయో తెలుసుకోవడానికి ఇది ఒక ఆధారం.

2018లో యు.వి.ఐ.టి.లోని ఒక గ్రాహకం చెడిపోయింది. అంతరిక్షంలో ఉన్నదానిని బాగుచేయడానికి వీలు కాలేదు. అయినా మిగిలిన గ్రాహకాలతో పరిశీలనలు సాగాయి. దర్పణం పెద్దదైతే మేలే. కాని అందిన ప్రతి కాంతికణాన్నీ జారవిడువకుండా లెక్కపెట్టగలగడం అంతకన్న తక్కువ మేలేమీ కాదు.